రేనెల్ వేగం

మిల్లు తిరిగి తెరుస్తున్నారని ఆదివారం చర్చిలో పాస్టరు చెప్పగానే మా మార్లో గ్యాప్ ఊరి జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను లేవలేదు. ఒలీటాకి పాపం మోకాళ్ళ నొప్పులు కాబోలని పక్కావిడ అనుకుని ఉంటుంది. నా మోకాళ్ళు నిక్షేపంలా ఉన్నాయి. కాలింది వేరే చోట.

ఆ మిల్లు మూసి ఇరవై ఏళ్ళు దాటింది. మేజోళ్ళ మిల్లు. మా అమ్మ అందులో చేసింది, నేను చేశాను, మా వీధిలో చెయ్యని ఆడది లేదు. మేజోడు అల్లిక పూర్తయ్యాక వేళ్ళ దగ్గర నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ నోరు మూసే పని మాది. గుండ్రటి చక్రం, దాని అంచు చుట్టూ సన్నటి ముళ్ళు. అల్లికలోని ఒక్కో కన్నునీ ఒక్కో ముల్లుకి తగిలిస్తూ పోవాలి. చక్రం తిరుగుతుంటే సూది కుట్టుకుంటూ వస్తుంది. ఒక్క కన్ను జారిందంటే వేసుకున్నవాడి బొటనవేలు లోకాన్ని చూస్తుంది. పీసుకింతని కూలి ఇచ్చేవాళ్ళు.

ఒకరోజు సూటు వేసుకున్న మనిషి వచ్చాడు. పని హోండురాస్ దేశానికి వెళ్ళిపోతోందనీ, అక్కడి ఆడవాళ్ళకి నేర్పి వచ్చినవాళ్ళకి పోయేటప్పుడు ఎంతో కొంత ముట్టజెబుతామనీ చెప్పాడు. నా గొయ్యి నేను తవ్వుకోనని వాడి మొహం మీదే చెప్పి, ఆప్రాన్ విప్పి వచ్చేశాను. పైసా రాలేదు. నా పక్క చక్రం మీద కూర్చునే వెర్డీ మాత్రం వెళ్ళి నేర్పి వచ్చింది. ఆ తర్వాత నేను దాని గడప తొక్కలేదు. వెర్డీ ఇప్పుడు లేదు.

ఏరు దాటాక తెప్ప తగలేసిన ఆ కంపెనీయే ఇప్పుడు పేరు మార్చుకుని, రంగులు పూసుకుని వచ్చింది. 'పని ఇంటికొచ్చింది' అని హైవే పక్కన ఇంటంత బోర్డు పెట్టింది. ఇంటికొచ్చిందట! ఇంట్లోంచి గెంటిందెవరో మాత్రం బోర్డు మీద రాయలేదు. మా జిల్లా నడిపే కౌంటీ వాళ్ళు దానికి పదేళ్ళ పాటు పన్ను మాఫీ చేసి, సొంత ఖర్చుతో గేటు దాకా రోడ్డు వేశారు. నేను వడ్డించే స్కూలు వంటగదిలో కప్పు కారి బకెట్లు పెట్టుకుంటున్నాం. దానికి మాత్రం డబ్బు లేదట.

ఇదంతా నేను సింకు దగ్గర నిలబడి గొణుగుతుంటే నా కూతురు రేనెల్ విసుక్కుంది.

"పోయినప్పుడు ఏడ్చావు. వస్తే ఏడుస్తున్నావు. ఇంతకీ నీకేం కావాలమ్మా?"

"పోయినప్పుడు ఏడ్చింది పని పోయిందని. ఇప్పుడు ఏడుస్తోంది వాళ్ళకి సిగ్గు లేదని."

"సిగ్గుతో నాకేం పని? మూడు నెలలు బాగా చేస్తే పర్మనెంటు చేస్తారట. పర్మనెంటైతే మందులకి ఇన్సూరెన్సు. నేను దరఖాస్తు పెట్టేశాను."

రేనెల్‌కి చిన్నప్పటి నుంచీ షుగరు. ఇన్సులిన్ లేకపోతే బతుకు లేదు. ఇంటింటికీ వెళ్ళి ముసలివాళ్ళకి స్నానాలు చేయించే పని చేసేది. దానికి ఇన్సూరెన్సు లేదు. ముప్పై నాలుగేళ్ళ మనిషి, ఇన్సులిన్ సీసా నెలాఖరు దాకా రావాలని రోజూ కొంచెం తగ్గించి పొడుచుకుంటుంది. నాకు తెలియదనుకుంటుంది. ఫ్రిజ్ నాది, సీసా ఎంత దిగుతోందో నాకు తెలియదా? కాబట్టి ఆ మిల్లు మీద ఎంత ఒళ్ళు మండినా, అందులో నా కూతురు పర్మనెంటు కావాలని నేనూ కోరుకున్నాను. అదింకా మంట. మన్ను తిన్నట్టు ఉంటుంది, శత్రువు బాగుండాలని ప్రార్థన చెయ్యాలంటే.

మొదటి రోజు పని నుంచి వచ్చి రేనెల్ నాకు ఎదురుగా కూర్చుంది. మొక్కజొన్న రొట్టె, ఉడికించిన బీన్స్ వడ్డిస్తున్నాను.

"నేర్పేది ఎవరనుకున్నావు?"

"ఎవరు?"

"హోండురాస్ ఆవిడ. చోలోమా అట వాళ్ళ ఊరు. పేరు డిల్సియా. అక్కడి మిల్లులో చాలా లైన్లు మూసేసి ఆవిణ్ణి ఇక్కడికి పంపారు."

అరికాలి మంట నెత్తికెక్కింది. "మా చేతుల్లో పుట్టిన పని మాకు నేర్పడానికి అక్కణ్ణుంచి మనిషొచ్చిందా!"

"ఇక్కడ తెలిసినవాళ్ళు ఎవరున్నారు? సగం మంది పోయారు. ఉన్నవాళ్ళకి వేళ్ళు వంకరపోయాయి. నిన్ను పిలిస్తే వెళ్తావా?"

"పిలిస్తే చీపురు తిరగేస్తాను."

"అందుకే పిలవలేదు."

ఆ పూట భోజనాలయ్యాక నేను దువ్వెన తెచ్చాను. మా అమ్మ నాకు దువ్వెన పళ్ళ మీదే నేర్పింది. పాత మేజోడు కత్తిరించి, కళ్ళు దువ్వెన పళ్ళకి తగిలించడం చూపించాను. బొటనవేలు తడి చేసుకోవడం, కన్ను కోసం చూడకుండా చేత్తోనే వెతుక్కోవడం. రేనెల్ పట్టేసింది. నాకు రెండేళ్ళు పట్టిన ఒడుపు దానికి వారం తిరగకుండా వచ్చేసింది. దాని వేళ్ళు చూస్తుంటే నా కడుపు నిండింది.

"ఆవిడ మాత్రం నన్ను పోనివ్వదమ్మా" అంది రేనెల్ ఒకరోజు. "నెమ్మది, నెమ్మది అంటుంది. కాస్త జోరందుకోగానే వచ్చి చెయ్యి పట్టుకుంటుంది."

"ఎందుకు పట్టుకోదు? మీ చేతులకి పని రాకపోతేనే కదా అది మళ్ళీ వాళ్ళ ఊరికి పోయేది! తోసెయ్ దాని చెయ్యి. మార్లో గ్యాప్ చేతులంటే ఏంటో చూపించు."

ఆ మాట అన్నది నేనే. మళ్ళీ చెబుతున్నాను, నేనే.

రేనెల్ చూపించింది. ఎవరిది ఎంతయిందో గోడ మీద తెర వెలుగుతూ చెబుతుందట, అందులో పైన దాని పేరే. శుక్రవారాలు ఎక్కువ చేసిన వరసకి పిజ్జాలు తెప్పించేవాళ్ళు. మేనేజరు కోల్బీ హాలిఫీల్డ్ అందరి ముందూ రేనెల్‌కి కంపెనీ టోపీ పెట్టి చప్పట్లు కొట్టించాడు. చిన్నపిల్లలు పరుగుపందెం పెట్టుకున్నట్టు పోటీలు పడ్డారు అందరూ. నేను స్కూలు వంటగదిలో ప్రతి మనిషినీ ఆపి, మా రేనెల్ ఫస్టు అని చెప్పుకున్నాను. బకెట్లో పడే చుక్కల చప్పుడు కూడా ఆ రోజుల్లో వినపడలేదు నాకు.

ఒక సాయంత్రం వానలో హైవే మీద కారు నడుపుతున్నాను. రోడ్డు పక్కన గడ్డిలో ఒకావిడ సంచులు మోసుకుంటూ తడుస్తూ నడుస్తోంది. మా వైపు కారు లేక నడిచే మనిషిని చూసి ఆపకుండా పోవడం అనేది లేదు. శత్రువునైనా ఎక్కించుకోవాలి, ఎక్కాక తిట్టుకోవచ్చు. ఎక్కించుకున్నాను. సంచిలో గోధుమపిండి, ఎర్ర బీన్స్. కంపెనీ వాళ్ళు ఊరి చివర మోటెల్‌లో పెట్టారు, అక్కడి నుంచి కొట్టుకి నడిచి వస్తుందట. ఎవరో అర్థమైపోయింది.

"నువ్వేనా డిల్సియా? మా అమ్మాయి చెయ్యెందుకు పట్టుకుంటున్నావు?" అన్నాను, సీటు బెల్టు పెట్టుకోనివ్వకుండానే.

ఆవిడ తడి జుట్టు వెనక్కి తోసుకుని నా వంక చూసింది. నలభై దాటిన మనిషి. మా మాట ముక్కలు ముక్కలుగా వచ్చు.

"మీరు దోన్యా ఒలీటా, ఒలీటా గారు. రేనెల్ అమ్మ. మీరూ ఈ పని చేశారు."

"ఇరవై రెండేళ్ళు."

"అయితే చెప్పండి. గడియారం మనిషి వచ్చి వెనక నిలబడితే మీరేం చేసేవాళ్ళు?"

వైపర్లు అటూ ఇటూ కొట్టుకుంటున్నాయి.

ఏం చేసేవాళ్ళమో చెబుతాను. ఏడాదికోసారి ఆఫీసు నుంచి ఒకడు స్టాప్‌వాచీ పట్టుకుని వచ్చేవాడు. ఒక పీసుకి ఎంతసేపు పడుతుందో చూసి, దాన్ని బట్టి రేటు కట్టేవాడు. వాడి బూట్ల చప్పుడు వినగానే గది మొత్తం ముసలిదైపోయేది. కళ్ళజోళ్ళు తుడుచుకునేవాళ్ళం. తెగని దారం తెగిందని ముడి వేసుకునేవాళ్ళం. పసిపిల్లకి ముద్దలు పెట్టినంత నిదానంగా ఒక్కో కన్నూ తగిలించేవాళ్ళం. వాడు చూసిందే మా కూలి. వాడి ముందు పరిగెత్తితే మర్నాటి నుంచి జన్మంతా అలాగే పరిగెత్తాలి. మెప్పు కోసం చెయ్యి జోరు చూపించిన పిల్ల పక్కన భోజనాల దగ్గర ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. ఇది ఎవరూ కాగితం మీద రాయలేదు. చక్రం కన్నా ముందు ఇది నేర్పేవాళ్ళు. నేను నా కూతురికి దువ్వెన నేర్పాను గాని ఇది నేర్పలేదు. గడియారం మనిషి ఇప్పుడు లేడనుకున్నాను.

"నాకెవరు నేర్పారో తెలుసా?" అంది డిల్సియా. "సెన్యోరా వెర్డీ. మీ ఊరు. మొదటి రోజు చక్రం ముట్టుకోనివ్వలేదు. పెద్దాయన బయటికి పోగానే తలుపు వేసి, గడియారం గురించి చెప్పింది. చేతులతో, సైగలతో. మాకు ఆమె మాట రాదు, ఆమెకి మా మాట రాదు. అయినా అర్థమైంది. చాలా నవ్వాం."

వెర్డీ. గొయ్యి తవ్వడానికి పోయిందని నేను మొహం తిప్పేసుకున్న వెర్డీ.

"ఇప్పుడు గడియారం మనిషి లేడుగా? రేనెల్ ఎప్పుడూ చెప్పలేదే!"

"మనిషి లేడు. ప్రతి చక్రం పైనా చిన్న నల్ల కెమెరా ఉంది. రోజంతా చేతుల్నే చూస్తుంది. మాటలు కూడా వింటుంది. అందుకే నోటితో చెప్పలేను, చెయ్యి పట్టుకుంటాను. మీ అమ్మాయి తోసేస్తుంది."

"బయటికొచ్చాక చెప్పొచ్చుగా?"

"చెప్పాను. కార్ల దగ్గర. 'నీకు కుళ్ళు, నువ్వలాగే అంటావని మా అమ్మ ముందే చెప్పింది' అంది."

మోటెల్ ముందు కారాపాను. దిగబోతున్న ఆవిణ్ణి అడిగాను, నీ పని పోగొట్టినవాళ్ళకి ఎందుకు నేర్పుతున్నావని.

"నేర్పితే పోయేటప్పుడు ఇవ్వాల్సింది ఇస్తామన్నారు. నేర్పకపోతే లేదు" అంది.

మాట మార్చలేదు చూశారా? ఇరవై ఏళ్ళు పోయినా, దేశం మారినా, సూటు తొడుక్కున్నవాడి నోట్లో అదే మాట. ఇన్నాళ్ళూ నేను ఎవరి మీద పళ్ళు నూరానో తలచుకుంటే కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడ్డట్టుంది. ఇంటికి వెళ్ళేసరికి రేనెల్ వరండాలో నిలబడి ఉంది, మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, టార్గెట్టు పెట్టేశారు! నా లెక్కే తీసుకున్నారు. అందరూ దానికి పేరు కూడా పెట్టారు, రేనెల్ వేగం అని!"

"ఎంత పెట్టారు?"

చెప్పింది. నా మంచి రోజుల్లో, ఒంట్లో బాగుండి, దారం బాగుండి, దేవుడు కూడా పక్కన ఉన్నప్పుడు ఒక గంట చేసిన లెక్క కన్నా అది ఎక్కువ.

"ఇది ఒక్క గంటకా, రోజంతానా?"

"ప్రతి గంటా. రోజంతా" అంది రేనెల్. అంటూ ఉండగానే దానికి కొంచెం తట్టినట్టుంది, వెలుగు తగ్గింది.

అప్పుడు చెప్పాను గడియారం సంగతి. నా మీద అరిచింది. అరవడంలో తప్పేముంది? "నువ్వేగా చూపించమన్నావు! నువ్వేగా తోసెయ్యమన్నావు! ఇన్నేళ్ళూ ఆ మిల్లు గురించి తిట్టడమే గాని ఈ ఒక్క ముక్క చెప్పడానికి నీకు నోరు రాలేదా?" అంది. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

తర్వాత జరిగింది మిల్లు గురించి తెలిసినవాళ్ళెవరైనా చెప్పగలరు. వేగాన్ని అందుకోలేక ఒక్కొక్కరూ రాలిపోయారు. పోతూ పోతూ రేనెల్‌ని తిట్టుకున్నారు, భోజనాల దగ్గర దాని పక్క కుర్చీలు ఖాళీ అయిపోయాయి. దాంతో అది భోజనానికే లేవడం మానేసింది. ఆ కాస్త సమయం కూడా చక్రం ముందే. ఇన్సులిన్ పొడుచుకుని తిండి తినని మనిషికి ఏమవుతుంది? షుగరు పడిపోయి చేతులు వణికాయి. వణికే చేతికి ముల్లు దొరకదు. ఒకరోజు సూది వేల్లోంచి పోయింది. గుడ్డ చుట్టుకుని మళ్ళీ కూర్చుంది. సొంత వేగాన్ని అందుకోవడానికి సొంత రక్తం పెట్టింది నా కూతురు.

మూడు నెలలు నిండిన రోజు పర్మనెంటు అయినవాళ్ళ పేర్లు చదివారు. ఏడుగురు. రేనెల్ పేరు లేదు. ఆ సాయంత్రమే గుర్తింపు కార్డు తీసుకుని పంపేశారు.

మర్నాడు పొద్దున్నే నేను మిల్లుకి వెళ్ళాను. కోల్బీ లేచి నిలబడ్డాడు, మర్యాద తెలిసినవాడే. వాడి నాయనమ్మ నాతో పాటే చక్రం మీద చేసింది.

"రండి ఒలీటా గారూ, కూర్చోండి. కాఫీ తెప్పించనా?"

"నీ కాఫీ నువ్వే తాగు. చర్చిలో పసిపిల్లల గదిలో నీ ముడ్డి కడిగినదాన్ని నేను, కాస్త సూటిగా మాట్లాడు. నా కూతుర్ని ఎందుకు తీసేశారు?"

"టార్గెట్టు చెయ్యలేకపోయిందండీ. నాకూ బాధగానే ఉంది."

"ఆ టార్గెట్టు ఎవరు పెట్టారు?"

"మేం పెట్టలేదండీ. రేనెల్ చేసిందే లెక్క. చెయ్యొచ్చని తనే చూపించింది."

"మనిషి ఒక గంట పరిగెత్తితే రోజంతా పరిగెత్తమంటావా? గుర్రానికైనా గడ్డి వేసి ఆపుతారు కదరా!"

"సిస్టం అలా లెక్క తీస్తుందండీ. నా చేతుల్లో లేదు."

"మరి నీ చేతుల్లో ఏముంది, ఆ కప్పు తప్ప?"

వాడు కప్పు కింద పెట్టాడు. "కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు సిస్టం మళ్ళీ చూస్తుంది. అప్పటిదాకా మార్చదు. మీరొకటి ఆలోచించండి. ఈ రేటుకి చెయ్యకపోతే పని మళ్ళీ బయటి దేశానికే పోతుంది. ఇక్కడ ఏడుగురికైనా దొరికిందని సంతోషించాలి మనం. గుడ్డి కన్నా మెల్ల నయం కదండీ."

"పోనీ! పోయినప్పుడు మేం బతకలేదా?" అన్నాను. అన్నాను గాని, ఆ మాట నాకే అబద్ధంలా వినపడింది. మిల్లు పోయాక మా ఊళ్ళో దివ్యంగా నడిచిన వ్యాపారం శవపేటికలదే. వాడికీ తెలుసది. ఆ తెలిసినదాన్నే పట్టుకుని వాళ్ళు మమ్మల్ని ఆడిస్తారు. ఆకలితో ఉన్నవాడికి వాసన చూపించి గిన్నె వెనక్కి లాక్కోవడం. పని వస్తే మంచిదే, ఎవరు కాదన్నారు? ఏడుగురి కోసం ఊరి పన్నులు మింగి, మిగతావాళ్ళని పిండి పారేసి, పైగా చప్పట్లు కొట్టమంటే ఒళ్ళు మండదా?

"వచ్చేవారం మిల్లుకి లాంఛనంగా ప్రారంభోత్సవం" అన్నాడు కోల్బీ, మెల్లగా. "పాత మిల్లు వాళ్ళ తరఫున మీరొచ్చి రిబ్బను పట్టుకుంటే బాగుంటుందని పైవాళ్ళు అన్నారు." బల్ల మీద నుంచి ఒక జత మేజోళ్ళు తీసి నా ముందుకి తోశాడు. అట్ట మీద చేతిపని అని బంగారు అక్షరాలు, కింద ముప్పై డాలర్ల ధర. మా ఊళ్ళో ఆ ధర పెట్టి కాళ్ళకి తొడుక్కునేవాడు పుట్టలేదు.

"ఆ రిబ్బను నీ మెడకి కట్టుకో" అని వచ్చేశాను.

డిల్సియా వెళ్ళే రోజు వచ్చింది. షార్లెట్ విమానాశ్రయానికి నేనే తీసుకెళ్తానన్నాను. పౌండ్ కేక్ ఒకటి చేసి రేకులో చుట్టి ఆవిడ ఒళ్ళో పెట్టాను. దారి పొడుగునా కోల్బీనీ, కంపెనీనీ, కౌంటీనీ వరసపెట్టి తిట్టాను. ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నా తిట్లు అయిపోయాక మాట్లాడింది.

"మా చెల్లెలు ఇంకా చోలోమాలోనే చేస్తోంది. అక్కడ రెండు లైన్లు మిగిలాయి. సోమవారం కొత్త బోర్డు పెట్టారట. టార్గెట్టు పెంచారు."

"ఎంతకి?"

"మీ అమ్మాయి లెక్కకి. 'అమెరికా వాళ్ళే ఇంత చేస్తున్నారు, మీకేం రోగం' అన్నాడట సూపర్‌వైజరు. అందుకోకపోతే ఆ రెండూ మూసేస్తారు."

"నాకు తెలీదు డిల్సియా. ఇలా అవుతుందని నాకు..."

"మీకు తెలుసు!" అంది. ఆవిడ గొంతు పెంచడం అదే మొదటిసారి. "మీకే తెలుసు. ఆ పిల్లకి తెలీదు. ఇరవై రెండేళ్ళు చేశారు మీరు. నెమ్మది అని ఒకావిడ అంటోందంటే ఎందుకంటోందో ఈ ఊళ్ళో మీ ఒక్కరికే తెలియాలి. కానీ మీకు నేను హోండురాస్ దాన్నని, అదొక్కటే కనిపించింది."

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. చేత్తో ఆపేసింది.

"మీ క్షమాపణతో మా చెల్లెలు ఏం చేసుకుంటుంది? పని మీకు తిరిగొచ్చిందన్నారు. అక్కడ నాకు పోయింది. ఇక్కడ రేనెల్‌కి రాలేదు. మరి ఎక్కడికి పోయింది దోన్యా ఒలీటా, ఆ పని?"

విమానాశ్రయం దగ్గర దిగి సంచి భుజాన వేసుకుంది. కేక్ మాత్రం తీసుకెళ్ళింది, వదిలెయ్యలేదు. గాజు తలుపుల్లోంచి లోపలికి పోయేదాకా చూశాను. వెనక కార్లవాళ్ళు హారన్లు కొట్టి తిట్టారు.

ఇంటికి వచ్చేసరికి సాయంత్రమైంది. రేనెల్ మెట్ల మీద కూర్చుని ఉంది, ఫోను చేతిలో పట్టుకుని.

"కోల్బీ ఫోన్ చేశాడు. రమ్మంటున్నాడు."

"పర్మనెంటుకా?"

"కాదు. కొత్త బ్యాచ్ వస్తోందట. డిల్సియా వెళ్ళిపోయింది కదా, నేర్పేవాళ్ళు లేరు. వాళ్ళ రికార్డులో అందరికన్నా వేగం నాదేనట." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "మూడు నెలలకి. ఆ తర్వాత చూస్తారట."

చూశారా విడ్డూరం? నీకు చేతకాదని గెంటిన మనిషినే, నీ అంత చెయ్యగలిగినవాళ్ళు లేరని పిలుస్తున్నారు.

"ఇన్సూరెన్సు?"

తల అడ్డంగా ఊపింది. "జీతంతో ఒకటి రెండు సీసాలైనా కొనుక్కోవచ్చు. ముసలివాళ్ళ పనిలో నా చోట వేరేవాళ్ళని పెట్టేసుకున్నారు. వద్దంటావని తెలుసు. తిట్టేదుంటే తిట్టేసెయ్, తర్వాత ఫోన్ చేసి వస్తానని చెబుతాను."

నేను దాని పక్కన మెట్టు మీద కూర్చున్నాను. లోపల ఫ్రిజ్‌లో ఉన్న సీసాలో ఎంత మిగిలిందో ఇద్దరికీ తెలుసు.

"వెళ్ళు" అన్నాను.

రేనెల్ నా మొహంలోకి చూసింది, నాకు జ్వరమేమైనా తగిలిందా అన్నట్టు.

"వెళ్ళు. కొత్తవాళ్ళ చేతులు చూసి సిస్టం మళ్ళీ లెక్క తీస్తుందని వాడే చెప్పాడు. మొదటి రోజు ఒక్కదాన్నీ చక్రం ముట్టుకోనివ్వకు. చేతులు కడుక్కోవాలని చెప్పి అందర్నీ ఆ కెమెరా లేనిచోటికి తీసుకుపో. అక్కడ ముందు నెమ్మది నేర్పు. దారం ఎన్నిసార్లు తెగాలో, కళ్ళజోడు ఎన్నిసార్లు తుడవాలో నేను చెబుతాను. సిస్టం లెక్క కిందికి దిగితే టార్గెట్టు ఇక్కడ నీకూ దిగుతుంది. అక్కడ డిల్సియా చెల్లెలికీ దిగుతుందేమో."

"డిల్సియా చెల్లెలేంటి?"

చెప్పాను. బోర్డు సంగతి, రెండు లైన్ల సంగతి, మొత్తం. రేనెల్ కట్టు కట్టిన వేలు తడుముకుంది.

"కనిపెడితే నన్ను తీసేస్తారమ్మా" అంది.

"నిన్ను ఇప్పటికే తీసేశారు కదే."